మూడు సాయంత్రాలు, ఒకటే స్టేజీ: విద్యార్థుల కళోత్సవానికి ఎన్ని నాటికలు తీసుకోవాలి?

మూడోగంట
(జనవరి 4, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. తిరుపతిలో నాలుగైదు కాలేజీల విద్యార్థులం కలిసి ఫిబ్రవరి రెండో వారంలో శుక్ర, శని, ఆదివారాలు కళోత్సవం పెట్టుకుంటున్నాం. కాలేజీ ఆవరణలో కాదు, ఊళ్లో ఉన్న నాటకాల హాల్లో. మూడు వందల కుర్చీలు, మోస్తరు స్టేజీ, రెండు గ్రీన్‌రూములు. టికెట్లు చించే దగ్గర నుంచి తెర లాగే దాకా అన్నీ మేమే చేసుకోవాలని పట్టుదల. లెక్చరర్లు అడిగితే సలహా ఇస్తారు, అంతే.

ఎంట్రీలు పిలిస్తే అనుకున్నదానికంటే చాలా వచ్చాయి. ఇరవైకి దగ్గరగా నాటికలు, అవి కాక కూచిపూడి, భరతనాట్యం, మైమ్, ఏకపాత్రలు, ఒక బుర్రకథ. కమిటీలో సగం మంది ‘వచ్చినవాళ్లందరికీ స్టేజీ ఇద్దాం, తలా పదిహేను నిమిషాలు’ అంటున్నారు. మిగతా సగం తగ్గిద్దాం అంటున్నారు. నేను తగ్గించమనే వైపే. కానీ ఎంతకు తగ్గించాలి, ఏ లెక్కన తగ్గించాలి అని అడిగితే గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. నాటకాలు వేసినవాళ్లు, వేయించినవాళ్లు చెప్పండి.

తెరవెనుక
(జనవరి 4, రాత్రి 10:25)

నాటక పరిషత్తు పోటీలకు లైట్లు వేస్తూ ఊరూరూ తిరిగినవాణ్ని. ఆ అనుభవంతో చెప్తున్నానమ్మా. నాటిక అంటే గంట లోపు. కానీ సాయంత్రాన్ని మింగేసేది నాటిక కాదు, రెండు నాటికల మధ్య ఖాళీ. ముందువాళ్ల మంచం, కిటికీ ఫ్రేమూ బయటికి పోవాలి. తర్వాతివాళ్ల సోఫా లోపలికి రావాలి. లైట్లు తిప్పుకోవాలి, మైకులు సరిచూసుకోవాలి. చేయి తిరిగిన నాటక సమాజాలకే ఇరవై నిమిషాలు పడుతుంది. మీకు అరగంట వేసుకోండి.

ఇప్పుడు మీ పదిహేను నిమిషాల లెక్క చూడండి. ఎనిమిది నాటికలు పెడితే ఆడేది రెండు గంటలు. మధ్యలో ఏడుసార్లు సెట్టు మార్పు, అంటే మూడున్నర గంటలు జనం మూసిన తెర వైపు చూస్తూ కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారు?

సాయంత్రానికి రెండు నాటికలు, వాటి మధ్య సెట్టు అక్కర్లేని అంశం ఒకటి. అంతకు మించొద్దు.

కుప్పంబాట
(జనవరి 5, ఉదయం 7:40)

నేను ఒప్పుకోను అన్నా. మా టీమ్‌లో తొమ్మిది మంది. ఎవ్వరూ ఇంతవరకు నిజమైన స్టేజీ ఎక్కలేదు. హాస్టల్ టెర్రస్ మీద రాత్రిళ్లు రిహార్సల్ చేసుకుంటున్నాం. పోటీలైతే గెలిచేవాళ్లను ఏరుకోవచ్చు, ఇది కళోత్సవం కదా. బాగా చేసేవాళ్లనే తీసుకుంటే, ఎప్పుడూ అవే రెండు కాలేజీలు, అవే ముఖాలు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?

ఇరవై మందికీ అవకాశం ఇస్తే ఇరవై టీమ్‌ల ఇళ్లవాళ్లూ వస్తారు, హాలు నిండుతుంది. ఆ లెక్క కూడా వేయండి.

మృదంగం
(జనవరి 5, ఉదయం 11:05)

కుప్పంబాట తమ్ముడి బాధ నిజమే. అయినా నేను తెరవెనుక గారి వైపే. నాట్యం వైపు నుంచి రెండు మాటలు.

1959 నుంచి ఎస్వీ సంగీత నృత్య కళాశాల నడుస్తున్న ఊరు ఇది. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల కూడా ఇక్కడే ఉంది. కాబట్టి నాట్యానికి పాట పెన్‌డ్రైవ్‌లో వేయొద్దు, దయచేసి వాద్యగాళ్లను కూర్చోబెట్టండి. అయితే తాళాలు వాయిస్తూ జతులు చెప్పే నట్టువాంగానికి ఒక మైకు, పాడేవాళ్లకు ఒకటి, మృదంగానికి, వేణువుకు, వయొలిన్‌కు తలా ఒకటి కావాలి. నాట్యం చేసే అమ్మాయికి తాళం వినపడాలంటే స్టేజీ మీదకు తిప్పిన మానిటర్ స్పీకర్ కూడా ఉండాలి. ఇదంతా సరిచూడ్డానికి తక్కువలో తక్కువ నలభై నిమిషాలు. జనం వచ్చాక చేసే పని కాదది.

ఇంకోటి. నాటికవాళ్లు సెట్టు బిగించడానికి మేకులు కొడతారు, టేపులు అంటిస్తారు. తర్వాత వచ్చే మేము వట్టి కాళ్లతో ఆడతాం. స్టేజీ నేలంతా చేత్తో తడిమి చూసే మనిషిని ఒకరిని ప్రత్యేకంగా పెట్టండి. చీపురుతో ఊడిస్తే విరిగిన మేకు కదలదు.

భారతపుమిట్ట
(జనవరి 5, రాత్రి 8:30)

మాది చిత్తూరు పక్క పల్లె. ఈ చర్చలో ఒక్కరు కూడా మన సొంత నాటకం గురించి మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా.

మా వైపు ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి ముందు భారతం పెడతారు. మామూలుగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. అర్జునుడి తపస్సు ఘట్టం ఆడే తపసు మాను రోజున అర్జునుడి వేషగాడు నిలువెత్తు మాను మీదకు పద్యాలు పాడుకుంటూ ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. చివరిరోజు మట్టితో కట్టిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ తిరుగుతూ భీముడు, దుర్యోధనుడు తలపడతారు. ఆ సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. వేలమంది నేలమీద కూర్చుని చూసే నాటకం ఇది. దీనికి టికెట్టు లేదు, ఏసీ లేదు.

ఆ కళాకారుల్లో చాలామంది మిగతా ఏడాదంతా సేద్యం, కూలి చేసుకునేవాళ్లే. కట్టెతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకుని, ముఖానికి అర్దళం రంగు పూసుకుని, ఇద్దరు పట్టుకున్న గుడ్డతెర వెనకాల నుంచి వచ్చి నిలబడితే మీ లైట్లన్నీ వెలవెలబోతాయి. వాళ్లను పిలవండి. అయితే ప్రారంభ సభలో స్వాగతం చెప్పే పది నిమిషాల వేషంగా పిలవొద్దు. ఏదైనా ఒక ఘట్టం పూర్తిగా ఆడేందుకు గంటన్నర ఇవ్వండి. ఇవ్వలేకపోతే పిలవకపోవడమే మర్యాద.

మూడోగంట
(జనవరి 5, రాత్రి 9:50)

భారతపుమిట్ట అన్నా, ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. మా కమిటీలో చిత్తూరు, పుంగనూరు, పలమనేరు పిల్లలు ఉన్నారు, చిన్నప్పుడు భారతం చూసినవాళ్లే. ఒక సాయంత్రం అచ్చంగా దానికే కేటాయించాలని అడుగుతాను.

ఇంకో సందేహం. టికెట్టు యాభై రూపాయలు పెట్టాలనుకుంటున్నాం. వచ్చిన నాటికల్లో కొన్ని మా పిల్లలు రాసుకున్నవి, కొన్ని అచ్చయిన కథలను నాటికలుగా మార్చుకున్నవి. అనుమతుల సంగతి ఎవరికైనా తెలుసా?

నల్లకోటు
(జనవరి 6, మధ్యాహ్నం 1:15)

లా చదువుతున్నాను, చెప్పగలను.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 52(1)(జె) అని ఒక మినహాయింపు ఉంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులో సిబ్బందో నాటకం వేస్తే, చూసేవాళ్లు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే రచయిత అనుమతి అక్కర్లేదు. మీది బయటి హాలు, ఎవరైనా టికెట్టు కొనుక్కుని రావచ్చు. కాబట్టి ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. రచయిత బతికి ఉంటే ఆయన్ని, లేకపోతే వారసుల్ని అడగాలి. పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. కథను నాటికగా మార్చడానికి, వేరే భాష నుంచి తెచ్చుకోవడానికి కూడా విడిగా అనుమతి కావాలి. ఉత్తరం రాసి అడిగితే విద్యార్థులకు కాదనే రచయితలు అరుదు. మాట చాలదు, కాగితం మీద తీసుకోండి.

మైకుల సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదనే నిబంధన మూసి ఉన్న ఆడిటోరియం లోపలికి వర్తించదు. మెట్ల మీదో, వాకిట్లోనో ఏదైనా పెడితే మాత్రం వర్తిస్తుంది, దానికి ముందే పోలీసుల అనుమతి తీసుకోవాలి.

చిత్తూరుబస్సు
(జనవరి 6, సాయంత్రం 6:20)

నల్లకోటు చెప్పింది ప్రింట్ తీసి కమిటీ గోడకు అంటించండి.

నేను పాతకాలం మాట ఒకటి చెప్తాను. చిత్తూరు నాగయ్య గారు పుట్టింది 1904లో, గుంటూరు వైపు రేపల్లెలో. కానీ ఆయన పేరు ముందు నిలిచిపోయిన ఊరు మాత్రం మనదే, ఎందుకంటే ఆయన నాటకం పండింది ఇక్కడి రామవిలాస సభ అనే నాటక సమాజంలో. తర్వాత సినిమాల్లోకి వెళ్లారు, 1965లో పద్మశ్రీ వచ్చింది. ఈరోజు చిత్తూరులో కళాక్షేత్రం ఆయన పేరుమీదే ఉంది. ఊళ్లో ఒక సభ ఉండి, అందులో నిండు పాత్ర దొరికితేనే ఒక నటుడికి గొంతు, నడక, నిలకడ వస్తాయని నా నమ్మకం. పదిహేను నిమిషాల్లో ఏ పాత్ర నిండుతుంది? ఏడ్చే సీను ఒకటి, అరిచే సీను ఒకటి, చివర్లో సందేశం. అయిపోయింది. పిల్లలకు మనం నేర్పాల్సింది ఇదా?

ఇంకో మనవి. ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు అని వరస కట్టొద్దు. శాలువాలతో, ఉపన్యాసాలతోనే ఏడున్నర అయిపోతుంది. నాటకం మొదలయ్యేసరికి పసిపిల్లలున్న తల్లులు లేచి వెళ్లిపోతారు. సన్మానం చేయాలంటే ఆ రోజు ఆడినవాళ్లకే చేయండి, ఆట అయ్యాక.

గంగజాతర
(జనవరి 6, రాత్రి 10:05)

అమ్మాయిల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను డిగ్రీలో ఉండగా ఒక హాల్లో నాటిక వేశాం, పేరు చెప్పను. అమ్మాయిలకు గ్రీన్‌రూమ్ అని చూపించిన గదికి గడియ లేదు. చీర మార్చుకుంటున్నంతసేపూ ఒకరు తలుపుకు వీపు ఆనించి నిలబడాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌లో డైలాగులు సగం మరిచిపోయాం. ముందురోజే వెళ్లి గడియలు, బాత్రూమ్‌లో నీళ్లు, అద్దం దగ్గర లైటు చూసుకోండి. గ్రీన్‌రూములు రెండే ఉంటే ఒకటి పూర్తిగా అమ్మాయిలకు ఇవ్వండి. సామాను పెట్టుకునే గదిగా వాడొద్దు.

హాస్టల్ గేటు వేసే టైమ్ కూడా చూసుకోవాలి. పది దాటితే వార్డెన్‌కు ఫోన్లు, ఇంట్లోవాళ్లకు కంగారు. ఆ భయంతోనే చాలామంది అమ్మాయిలను నాటకాలకు పంపరు. ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించండి. తెరవెనుక గారు చెప్పిన రెండు నాటికల లెక్క ఈ కారణానికైనా సరిపోతుంది.

మన ఊళ్లో గంగమ్మ జాతరకు మగవాళ్లు ఆడవేషం కట్టుకుని వీధుల్లో తిరుగుతారు. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి. వేషం అంటే ఊరంతటికీ ఇంత గౌరవం ఉన్నచోట, వేషం కట్టే ఆడపిల్లకు గడియ ఉన్న గది ఇవ్వలేమా?

తెరవెనుక
(జనవరి 7, ఉదయం 6:50)

గంగజాతర చెల్లెమ్మ చెప్పింది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఇప్పుడు లైట్ల గురించి వివరంగా రాస్తాను. స్టేజీ మీదకు వెలుగు కొట్టే పాతరకం పార్ లైటు ఒక్కోటి వెయ్యి వాట్లు. పన్నెండు వెలిగితే 12 కిలోవాట్లు. ఒకే ఫేజు మీద వేస్తే, 230 వోల్టుల దగ్గర యాభై ఆంపియర్లు దాటిపోతుంది. వైరు వేడెక్కుతుంది, లేకపోతే క్లైమాక్సులో ట్రిప్ అవుతుంది. హాల్లో త్రీఫేజు ఉందో లేదో ముందు చూడండి. లోడును మూడు ఫేజులకు పంచండి. సౌండుకు ఇచ్చిన ఫేజు మీద లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్లు వేయొద్దు, స్పీకర్లలో జుమ్మని మోత వస్తుంది. ఎల్‌ఈడీ పార్‌లు దొరికితే కరెంటు బాధ చాలావరకు తీరుతుంది. కానీ ముఖం మీద పడే వెలుగు పాత లైటుదే నాకు ఇష్టం. చర్మం రంగు చర్మంలాగా కనపడుతుంది.

ప్రతి నాటికకూ స్టేజీ మీద, లైట్లతో, ఆపుకుంటూ ఒక రిహార్సల్ ఉండాలి. అప్పుడే క్యూ షీటు, అంటే ఏ క్షణంలో ఏ లైటు, ఏ సౌండు మారాలో చెప్పే కాగితం, రాయాలి. ఎలా ఉంటుందో చూపిస్తాను:

క్యూ 7: తల్లి ఉత్తరం మడిచి కొంగున ముడేస్తుంది. ముడి పడ్డాక, మాట మొదలయ్యే ముందు, ఎడమ వైపు కిటికీ లైటు నెమ్మదిగా తగ్గాలి. పది లెక్కపెట్టేంతసేపు.
క్యూ 8: బయట సైకిల్ బెల్లు. సౌండ్. లైటు మారదు.
క్యూ 9: తలుపు తెరుచుకోగానే కుడి వైపు నుంచి తెల్ల లైటు, ఒక్కసారిగా.

ఒక నాటికకు ఇట్లాంటివి ముప్పై, నలభై ఉంటాయి. లైట్ల దగ్గర కూర్చున్న కుర్రాడు నాటికను నటులతో సమానంగా చదివి ఉండాలి. ఇది సరిగ్గా చేయడానికి నాటికకు రెండు గంటలు కావాలి. మీకు హాలు మూడు రోజులే దొరికితే, పగటిపూట రిహార్సల్, సాయంత్రం ఆట. రోజుకు రెండు నాటికలకే పగలంతా పోతుంది. ఇరవై నాటికలైతే ఒక్కరికీ రిహార్సల్ దొరకదు. అందరూ మసక వెలుగులో, మైకుకు అందని గొంతుతో ఆడి దిగిపోతారు. కుప్పంబాట తమ్ముడూ, మీ తొమ్మిది మందికి మొదటి స్టేజీ అనుభవం అట్లా ఉండాలని నువ్వు మాత్రం కోరుకుంటావా?

కుప్పంబాట
(జనవరి 7, మధ్యాహ్నం 2:30)

అన్నా, మీరు చెప్పిన క్యూ షీటు మా టీమ్ అంతా కూర్చుని చదివాం. రిహార్సల్ లేకుండా ఎక్కించడం మేలు కాదని ఒప్పుకుంటున్నా. కానీ ఏరేది ఎవరు? ఎట్లా? అది తేలకుండా తగ్గించడమంటే మళ్లీ పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లే వస్తాయి. అందరి ముందు జరగాలి.

మూడోగంట
(జనవరి 9, రాత్రి 8:45)

కమిటీ కూర్చుని తేల్చింది. కుప్పంబాట అడిగినట్టే అందరి ముందు ఎంపిక. ప్రతి టీమ్ సెట్టు లేకుండా, మేకప్ లేకుండా, కుర్చీల్లో కూర్చుని నాటిక చదవాలి. మిగతా టీమ్‌లన్నీ వినాలి. ప్రతి టీమ్‌కూ ఒక ఓటు, సొంత నాటికకు వేయకూడదు. శుక్రవారం రెండు, శనివారం రెండు నాటికలు. వాటి మధ్య నాట్యం, బుర్రకథ. ఆదివారం సాయంత్రం పూర్తిగా భారతం బృందానికి. వాళ్లకు రానుపోను ఖర్చు, పారితోషికం టికెట్ డబ్బుల్లో మొదట తీసేది. మిగతా టీమ్‌లు ఒక్కోటి ఒక పని పూర్తిగా తీసుకుంటాయి: సెట్టు, లైట్లు, నాటికలో వాడే వస్తువులు, తలుపుల దగ్గర జనం. ఏకపాత్రలు, మైమ్ పగలు వాకిట్లో, మైకు లేకుండా.

మృదంగం
(జనవరి 9, రాత్రి 9:20)

ప్రతి టీమ్ మిగతా టీమ్‌ల నాటికలు వినడం, నాకు ఇదే అన్నిటికంటే నచ్చింది. మనవాళ్లు తమ నాటిక అయిపోగానే మేకప్ తుడుచుకుని బండెక్కుతారు. పక్కవాళ్ల ఆట చూడకుండా ఎవరైనా నటులవుతారా?

చిత్తూరుబస్సు
(ఫిబ్రవరిలో, ఆట ముగిసిన మర్నాడు)

మూడు రోజులూ చూశాను, రాసేస్తున్నాను.

శుక్రవారం మొదటి నాటిక మొదట్లో ఇబ్బంది పడింది. ఆలస్యంగా వచ్చేవాళ్లు తలుపు తీసినప్పుడల్లా వరండా ట్యూబ్‌లైటు స్టేజీ దాకా పడుతోంది. పావుగంటలో తలుపుల దగ్గరి పిల్లలు ఎక్కడి నుంచో నల్లగుడ్డ తెచ్చి తలుపుకు లోపల ఇంకో తెర కట్టేశారు. ఎవరూ చెప్పకుండానే. శనివారం రెండో నాటికలో తల్లి వేషం వేసిన అమ్మాయి మాట లేకుండా అన్నం కలిపే సీను ఉంది. దాదాపు రెండు నిమిషాలు. లైటు ఆమె చేతుల మీదే. మూడు వందల మందిలో ఒక్కరు దగ్గలేదు. పదిహేను నిమిషాల నాటికలో ఆ రెండు నిమిషాలకు చోటెక్కడిది?

భారతపుమిట్ట
(అదే రోజు)

ఆదివారం సంగతి నేను రాస్తా. బృందం పెద్దాయన మధ్యాహ్నమే వచ్చి స్టేజీ చూసి, ‘నాయనా, ఇది గోడకు తగిలించిన పటంలాగా ఉంది, మాకు మూడు పక్కలా జనం కావాల’ అన్నారు. పిల్లలు కాదనలేదు. ముందు వరసల కుర్చీలు తీసేసి, జంపఖానాలు పరిచి, స్టేజీకి రెండు పక్కలా కూడా జనాన్ని కూర్చోబెట్టారు. కాలర్ మైకు పెడితే భుజకీర్తి తగిలి టకటకమంటోంది, దాన్ని తీసేసి పైనుంచి రెండు మైకులు వేలాడదీశారు. హార్మోనియం, మద్దెల పక్కనే. కీచకవధ గంటన్నర అనుకున్నది రెండు గంటలు నడిచింది. గంగజాతర అక్క చెప్పిన తొమ్మిది గంటలు దాటలేదు, ఎందుకంటే ఉపన్యాసాలు లేవు.

ఆట అయ్యాక కాలేజీ పిల్లలు వాళ్ల చుట్టూ చేరి కిరీటం ఎట్లా కడతారు, పద్యం ఎక్కడ విరుస్తారు అని అడుగుతూనే ఉన్నారు. ద్రౌపది వేషం కట్టినాయన ఆ వేషం విప్పకుండానే ఒక అమ్మాయికి ఆ నడక నేర్పించాడు. ఎండాకాలం భారతానికి రమ్మని పిలిచారు. వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి.

కుప్పంబాట
(మర్నాడు)

మా నాటికకు ఓట్లు చాల్లేదు, మేం సెట్టు పని తీసుకున్నాం. శనివారం మార్పు పదహారు నిమిషాల్లో చేశాం. ప్రతి వస్తువు కింద నేల మీద చాక్‌పీసుతో గుర్తు, ప్రతి వస్తువుకు ఒక మనిషి. మేకులు లేవు, అన్నీ ఇసుక మూటలతో ఆపాం, మృదంగం అక్క కోసం. ఇప్పుడు మా నాటికలో రెండు సీన్లు ఎందుకు నిలబడటం లేదో మాకే తెలిసింది, తిరిగి రాస్తున్నాం.

మూడోగంట
(రెండు రోజుల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. లెక్కలు వచ్చే ఆదివారం ఇక్కడే పెడతాను. భారతం బృందానికి ఆ రాత్రే చెల్లించాం. లైట్ల అద్దె కూడా కట్టేశాం.

వచ్చే ఏడాదికి కూడా ఫిబ్రవరే అనుకుంటున్నాం. మార్చి నుంచి పరీక్షలు, మేలో జాతర, బ్రహ్మోత్సవాలప్పుడు ఊళ్లో బయటినుంచి వచ్చే బృందాలకు గది దొరకదు. ఈసారి ఆడని నాటికలకు నెలకొకటి చొప్పున చదివే కూటమి పెడుతున్నాం. మొదటిది కుప్పంబాట వాళ్లది. బాలాజీ కాలనీ చుట్టుపక్కల ముప్పై మంది కూర్చునే గది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. తెరవెనుక అన్నా, మీరు రావాలి. క్యూ షీటు రాయడం నేర్చుకుంటామని ఇప్పటికే ఆరుగురు పేర్లిచ్చారు.

తెరవెనుక
(అదే రాత్రి)

వస్తానమ్మా. ఆరుగురినీ తలా ఒక నాటిక చదివి రమ్మను, పెన్సిలూ రబ్బరూ తెచ్చుకోమను. పెన్నుతో క్యూ షీటు రాయనివ్వను.